చెరువుకు ఎగువన, వాగు పక్కన ఇల్లు: సెప్టిక్ ట్యాంకు ఎక్కడ పెట్టాలి, ఎట్లా కట్టాలి

కర్నూలు చుట్టుపక్కల స్థలం కొన్నవాళ్లు మొదట చూసుకునేవి మూడు: ఇంటి ముఖం ఎటు, బోరు ఎక్కడ, మెట్లు ఎటు. సెప్టిక్ ట్యాంకు సంగతి గోడలు లేచాక గుర్తొస్తుంది. అప్పటికి మిగిలింది ప్రహరీ పక్కన నాలుగడుగుల సందు. అక్కడ మేస్త్రీ "ఏం కాదులే సార్, నాలుగు రింగులు దించి పైన కడప బండ ఏసేద్దాం" అంటాడు. పని ఒక పూటలో అయిపోతుంది.

ఊరికి దూరంగా, కింద ఎవరి నీళ్లూ లేనిచోట దానివల్ల నష్టం తక్కువే కావచ్చు. స్థలం తాగునీటి చెరువుకు ఎగువనో, హంద్రీ, తుంగభద్ర, కేసీ కాలువ ఒడ్డునో ఉంటే మాత్రం కుదరదు. అక్కడ నియమాలు వేరు, ప్రమాదమూ వేరు. అలాంటి చోట వరస తిరగేయాలి. ముందు సోక్ పిట్ (ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు నేలలో ఇంకే గుంత) చోటు, ఆ తర్వాత బోరు, ఆ రెండూ ఒప్పుకున్న మేరకే ఇల్లు. కింద చెప్పేదంతా ఆ వరసలోనే ఉంటుంది.

1. మీ స్థలం నీటి హద్దుకు ఎంత దూరం?

ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమాలు, 2017 (జీవో 119) నీటి వనరుల పక్కన ఖాళీగా వదలాల్సిన బఫర్‌ను ఇట్లా చెప్తాయి. నదికి మున్సిపల్ పరిధిలో 50 మీటర్లు, పరిధి బయట 100 మీటర్లు. 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు. అంతకన్నా చిన్న చెరువుకు, కుంటకు 9 మీటర్లు. 10 మీటర్ల కన్నా వెడల్పున్న కాలువ, వాగు, వంకలకు 9 మీటర్లు, అంతకు తక్కువ వెడల్పు వాటికి 2 మీటర్లు. నది గర్భంలో, చెరువు నీటి విస్తీర్ణం లోపల ఏ కట్టడానికీ అనుమతి ఉండదు.

ఈ లెక్కన కర్నూలు నగరంలో హంద్రీ ఒడ్డున స్థలం ఉంటే నది హద్దు నుంచి దాదాపు 164 అడుగులు వదలాలి. నగరం దాటితే 328 అడుగులు. కేసీ కాలువ పక్కనైతే దాదాపు 30 అడుగులు. నియమాలకు సవరణలు వస్తూనే ఉంటాయి కాబట్టి ప్లాన్ గీయించే ముందు వార్డు ప్లానింగ్ కార్యదర్శినో, కర్నూలు పట్టణాభివృద్ధి సంస్థ 'కుడా' ఆఫీసునో తాజా అంకె అడగండి. అనంతపురం వైపు వాళ్లకు ఆ ఆఫీసు 'అహుడా'.

చాలామంది పొరబడేది కొలత ఎక్కడ మొదలుపెట్టాలన్న దగ్గరే. చెరువుకు దూరం కొలవాల్సింది నేడు నీళ్లు నిలిచిన అంచు నుంచి కాదు. చెరువు పూర్తిగా నిండితే నీళ్లు ఎంతవరకు వస్తాయో ఆ గీత నుంచి. దాన్నే ఎఫ్‌టీఎల్ అంటారు. మన సీమలో ఈ తేడా పెద్దది. ఇక్కడ చెరువులు ఏళ్ల తరబడి నిండవు. లోతట్టు భూమిలో కంప చెట్లు లేస్తాయి, మేకలు తిరుగుతాయి, ఎవరో శనగ వేస్తారు, కొన్నాళ్లకు రాళ్లు పాతి ప్లాట్లు కూడా వేస్తారు. చూసేవాడికి అది చెరువులా కనపడదు. రికార్డులో మాత్రం చెరువే. 2009 అక్టోబరు వరదకు తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు పాతబస్తీని ముంచినప్పుడు, అది నదిలో భాగమని ఎవరూ అనుకోని చోట్లకు కూడా నీళ్లొచ్చాయి. సెప్టిక్ ట్యాంకు మునిగితే అందులోది బయటికి తేలుతుంది. నీళ్లు తీశాక అదంతా బావుల్లో, బోరు గుంతల్లో మిగులుతుంది.

అందుకని ఈ కాగితాలు తెప్పించుకోండి: గ్రామ నక్షా, మీ సర్వే నంబరు ఎఫ్ఎంబీ (కొలతల పటం), ఆర్ఎస్ఆర్ (పాత సర్వే రిజిస్టరు) నకలు, అడంగల్. రీసర్వే అయిన ఊళ్లలో కొత్త భూకమత పటం, అంటే ఎల్‌పీఎం నంబరుతో పాటు పాత సర్వే నంబరు కూడా పట్టుకెళ్లండి. చెరువు పోరంబోకు, వాగు పోరంబోకు అన్నవి పాత లెక్కల్లోనే తేటగా ఉంటాయి. సచివాలయం సర్వేయరును పిలిపించి ఎఫ్‌టీఎల్ రాయి నుంచి మీ హద్దు రాయి దాకా టేపు పెట్టించండి. నీటి వనరు దగ్గరగా ఉంటే జలవనరుల శాఖ, రెవెన్యూ శాఖల నిరభ్యంతర పత్రం కావాలి. అమ్మేవాడు "లేఅవుట్ అప్రూవ్డ్ సార్" అంటే ఆ అప్రూవల్ కాపీలో బఫర్ గీత ఎక్కడుందో చూపించమనండి.

బఫర్ భూమి మీ పేరు మీదే ఉన్నా అందులో పచ్చదనం తప్ప కట్టడం కుదరదు. ట్యాంకు నేల కింద ఉంటుంది కదా, ఎవరికి కనపడుతుందిలే అని అక్కడికి తోసేవాళ్లున్నారు. నేల కింద కట్టినా అది కట్టడమే.

2. మీ బోరుకు, పక్కవాళ్ల బోరుకు ఎంత దూరం?

ఈ నియమం నీటి వనరు పక్కనున్న ఇళ్లకే కాదు, అందరికీ వర్తిస్తుంది. భారత ప్రమాణం ఐఎస్ 2470 ప్రకారం సెప్టిక్ నీళ్లు నేలలో ఇంకే చోటు, అంటే సోక్ పిట్ గానీ ఇంకుడు కందకం గానీ, తాగునీటి బావి లేదా బోరుకు 18 మీటర్ల లోపు ఉండకూడదు. మనుషులుండే ఇంటికి 6 మీటర్ల లోపు ఉండకూడదు. అడుగుల్లో 59, 20.

అంకెలు చిన్నవిగా కనిపిస్తాయి. కాగితం మీద గీసి చూడండి. 40 అడుగుల ముఖం, 60 అడుగుల పొడవు ఉన్న స్థలం తీసుకుందాం. అంటే ఐదున్నర సెంట్లు. బోరు ఈశాన్యంలో వేస్తారు, వాస్తు. సెప్టిక్ వాయవ్యంలో, అదీ వాస్తే. ఉత్తర ముఖం స్థలమైతే ఈశాన్యానికీ వాయవ్యానికీ మధ్య ఉన్నది 40 అడుగులే. తూర్పు ముఖమైతే 60 ఉంటుంది గానీ, బోరు ప్రహరీకి మూడడుగులు, పిట్ నాలుగడుగులు లోపలికి వస్తాయి కాబట్టి నికరంగా 50 చిల్లర మిగులుతుంది. రెండిట్లోనూ 59 రాదు. ఆ స్థలంలో 59 దాటేది ఒక్క మూల నుంచి మూలకే, అంటే ఈశాన్యం నుంచి నైరుతికి. నైరుతిలో గొయ్యి అంటే ఇంట్లో పెద్దవాళ్లు ససేమిరా అంటారు. ఒకవేళ ఒప్పించినా పిట్ నుంచి 20 అడుగులు వదిలి గోడ లేపాలి. ఇల్లు సగమైపోతుంది. పక్కింటివాళ్ల బోరు మీ ప్రహరీని ఆనుకుని ఉంటే అది కూడా లెక్కే, వాళ్ల పడకగది కూడా లెక్కే.

కాబట్టి ఐదారు సెంట్లలో సొంత బోరు, సొంత సోక్ పిట్ రెండూ నియమం ప్రకారం పట్టడం దాదాపు జరగని పని. మూడు సెంట్లలో అయితే అసలే పట్టవు. నా అభిప్రాయం అడిగితే రెండిట్లో ఒకటి వదులుకోవాలి, వదలాల్సింది బోరే. కుళాయి నీళ్లు వచ్చే చోటైతే బోరు మానేయండి. రానిచోట నలుగురు కలిసి ఎగువన ఒక మూల ఉమ్మడి బోరు వేసుకుంటే అందరి దూరాలూ సర్దుకుంటాయి, బోరు ఖర్చూ పంచుకోవచ్చు. కొత్త లేఅవుట్ అయితే ఉమ్మడి ఖాళీ స్థలంలో అందరికీ కలిపి ఒక ఇంకుడు కందకం అడగండి. ప్లాట్లు అమ్ముడుపోకముందే అడగాలి, తర్వాత వినేవాడుండడు. వాస్తు పట్టింపు ఉన్నవాళ్లకు ఒక సర్దుబాటు ఉంది. నీళ్లు చుక్క కారని ట్యాంకు వాయవ్యంలోనే పెట్టుకోవచ్చు. దూరం లెక్క ముఖ్యంగా నీళ్లు ఇంకే పిట్‌కు సంబంధించినది. ట్యాంకు నుంచి పిట్‌కు పైపు ఎంత దూరమైనా లాక్కోవచ్చు, వాలు సరిపోతే చాలు.

3. మట్టిని పరీక్షించండి

కర్నూలు జిల్లాలో ఒకే ఊళ్లో రెండు రకాల నేల కనిపిస్తుంది. నల్లరేగడి నీటిని పీల్చదు. సున్నపురాయి నేల నీటిని ఆపదు. సోక్ పిట్‌కు రెండూ ఇబ్బందే, వేర్వేరు కారణాలకు.

పరీక్ష సులువు. పిట్ అడుగు ఏ లోతులో వస్తుందో అంత లోతు, అడుగు వెడల్పు గుంత తవ్వండి. గోడలను గడ్డపారతో గీరండి, నున్నగా ఉంటే నీళ్లు ఇంకవు. అడుగున రెండు అంగుళాలు కంకర వేసి, దానిపైన అడుగు మేర నీళ్లు నింపి రాత్రంతా వదిలేయండి. పొద్దున కంకర పైన ఆరు అంగుళాలు ఉండేట్టు నీళ్లు సరిచేసి, పుల్లకు గీతలు పెట్టి అరగంటకోసారి ఎంత దిగిందో రాసుకోండి. చివరి అరగంట లెక్కే అసలు లెక్క. 25 మిల్లీమీటర్లు దిగడానికి 30 నిమిషాలు దాటకపోతే సోక్ పిట్ పనిచేస్తుంది. గంట దాటితే అక్కడ పిట్ మానేయండి.

రాత్రంతా నానబెట్టే ముక్కను ఎవరూ చేయరు. నల్లరేగడిలో అదే ముఖ్యం. ఏప్రిల్, మే నెలల్లో ఆ నేల బీటలు చూడండి, చెయ్యి దూరేంత ఉంటాయి. బిందెల కొద్దీ నీళ్లు పోసినా గటగటా తాగేస్తుంది. "బ్రహ్మాండంగా ఇంకుతోంది" అనుకుని పిట్ కట్టేస్తారు. వానాకాలం వచ్చి మట్టి ఉబ్బి బీటలు మూసుకున్నాక పిట్ కుండలా నీళ్లు పట్టి కూర్చుంటుంది. అప్పుడు బాత్రూం పొంగుతుంది. ఆ పొంగును బయట కాలువలోకి మళ్లిస్తారు, ఆ కాలువ వెళ్లేది చెరువుకే. నల్లరేగడి అయితే పరీక్ష తొలకరి తర్వాతే చేయండి, లేదా రెండు రాత్రులు నానబెట్టండి.

సున్నపురాయిది తిరగేసిన కథ. బెలుం గుహలు ఏర్పడింది ఇలాంటి రాయిలోనే. నీళ్లు రాతి పగుళ్లలో దారి చేసుకుని దూరం పోతాయి. గుంతలో పోసిన నీళ్లు పది నిమిషాల్లో మాయమైతే సంతోషపడకండి. అవి వడపోత లేకుండానే ఎవరి బోరులోకో చేరుతున్నాయని అర్థం. మురుగులోని క్రిములు చచ్చేది మట్టి గుండా మెల్లగా జారేటప్పుడే. రాతి పగులులో ఆ పని జరగదు. అక్కడ 18 మీటర్లు ఉన్నాయి కదా అని ధీమాగా ఉండొద్దు. లోతు పిట్ మానేసి, పైపొర మట్టిలోనే తక్కువ లోతులో ఇంకుడు కందకం తవ్వి, రాతి పైన మందంగా ఇసుక పరిచి ఆ ఇసుకలో నీళ్లు జారేట్టు చేయించండి.

భూగర్భ నీటిమట్టం వానాకాలంలో నేలకు 1.8 మీటర్ల లోపు వచ్చే చోట కూడా లోతు పిట్ వద్దు. చెరువు కట్ట దిగువన, కాలువ ఊట నేలల్లో ఇది మామూలే. పక్క పొలం బావిలో నీళ్లు కార్తీకంలో ఎక్కడిదాకా వస్తాయో రైతును అడిగితే చెప్తాడు.

ఇక ఎండిపోయిన బోరు గురించి. సీమలో ప్రతి వీధిలో ఫెయిలైన బోరు ఒకటుంటుంది, దాంట్లోకి సెప్టిక్ పైపు పెట్టేస్తే పీడ వదులుతుందనే ఆలోచన చాలామందికి వస్తుంది. అంతకన్నా నష్టం చేసే పని లేదు. 300 అడుగుల కింద ఉన్న నీళ్లకు మీరే గొట్టం వేసి మలం పంపినట్టు. నేరుగా భూగర్భ జలంలోకి మురుగు వదలడాన్ని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం నిషేధిస్తుంది. ప్రవాహంలోకి గానీ బావిలోకి గానీ కలుషితాన్ని వదలడాన్ని 1974 నీటి కాలుష్య చట్టం 24వ సెక్షన్ నిషేధిస్తుంది. వాననీటి ఇంకుడు గుంతలోకి కలపడమూ ఇదే తప్పు.

4. ట్యాంకు కట్టడం

సిమెంటు రింగులు ఒకదానిమీద ఒకటి దించి, అడుగు మట్టిగా వదిలేస్తే అది సెప్టిక్ ట్యాంకు కాదు, మలం నేలలో కలిసే గొయ్యి. సెప్టిక్ ట్యాంకుకు అడుగు, గోడలు చుక్క కారకూడదు. అందులో గట్టిది అడుగుకు దిగి కుళ్లుతుంది, తెట్టు పైన తేలుతుంది, మధ్యలోని తేరిన నీళ్లే పిట్‌కు పోవాలి.

కొలతలు: లోపలి వెడల్పు 75 సెంటీమీటర్లకు, నీటి లోతు ఒక మీటరుకు, పట్టే నీళ్లు 1000 లీటర్లకు తగ్గకూడదు. పొడవు వెడల్పుకు 2 నుంచి 4 రెట్లు. అయిదుగురికి 1.5 మీటర్ల పొడవు, 75 సెంటీమీటర్ల వెడల్పు సరిపోతుంది. పదిమందికి రెండేళ్లకోసారి తీయించే లెక్కన 2 మీటర్ల పొడవు, 90 సెంటీమీటర్ల వెడల్పు, 1.4 మీటర్ల నీటి లోతు. దానిపైన అడుగు ఖాళీ వదలాలి. ఇంట్లో ఉండేది నలుగురైనా పదిమంది లెక్కన కట్టించండి. పండక్కి, పెళ్లికి ఇల్లు నిండుతుంది, పైన ఒక పోర్షన్ లేస్తుంది. 2000 లీటర్లు దాటిన ట్యాంకుకు లోపలికొచ్చే పైపు వైపు నుంచి మూడింట రెండు వంతుల దూరంలో అడ్డుగోడ ఉండాలి.

లోపలికి వచ్చే పైపుకు, బయటికి పోయే పైపుకు రెండిటికీ టీ (T ఆకారపు పైపు ముక్క) బిగించాలి, కాళ్లు నీళ్లలో మునిగేట్టు. బయటి పైపు లోపలి పైపు కన్నా రెండు అంగుళాలు కిందికి ఉండాలి. మేస్త్రీలు తరచూ బయటివైపు టీ వదిలేస్తారు. అది లేకపోతే తెట్టు నేరుగా పిట్‌లోకి పోయి రాళ్ల సందులు పూడ్చేస్తుంది. రెండేళ్లలో "పిట్ ఇంకట్లేదు" అన్న మాట వచ్చేది చాలావరకు దీనివల్లే. మూత వేసేముందు మీరే టార్చి వేసి చూసుకోండి.

గాలి పైపు కనీసం 50 మిల్లీమీటర్లది, పైన దోమతెర. ఇల్లు 15 మీటర్ల లోపు ఉంటే పైపు డాబా కన్నా రెండు మీటర్లు పైకి పోవాలి.

ప్లాస్టరింగ్ అయ్యాక ట్యాంకు నిండా నీళ్లు పోసి ఒకరోజు వదలండి. గోడలు తాగినంత తాగుతాయి. మళ్లీ నింపి గీత పెట్టి, మరునాడు చూడండి. గీత దిగితే ఎక్కడో కారుతోంది. ఈ పరీక్ష అయ్యేదాకా మేస్త్రీకి చివరి విడత డబ్బు ఇవ్వకండి.

కడప బండ మూతగా బాగానే పనిచేస్తుంది, కానీ దాని మీద కారు ఎక్కనివ్వొద్దు. పార్కింగ్ కింద ట్యాంకు వస్తే ఆర్‌సీసీ మూతే వేయాలి. ఎక్కడున్నా లారీ పైపు దించడానికి మ్యాన్‌హోల్ వదలండి. టైల్స్ వేసి మూసేసి, తీసేరోజు పగలగొట్టే ఇళ్లు ఎన్నో.

5. నీళ్లు ఇంకే చోటు

సోక్ పిట్: కనీసం 90 సెంటీమీటర్ల అడ్డం, వచ్చే పైపు కింద ఒక మీటరు లోతు. గోడ రాయితో గానీ ఇటుకతో గానీ, సందుల్లో సిమెంటు లేకుండా. గోడ వెనక మూడు అంగుళాలు కడిగిన కంకర. పైపు మట్టం పైన మాత్రం సిమెంటుతో కట్టాలి, లేకపోతే వాన నీళ్లు లోపలికి దిగుతాయి.

ఇంకుడు కందకం: అడుగున్నర నుంచి మూడడుగుల లోతు, అడుగు నుంచి మూడడుగుల వెడల్పు, లోపల కంకర మధ్య సందులు వదిలిన పైపు. ఒక కందకం 30 మీటర్లు దాటకూడదు. రెండు తవ్వితే మధ్యలో 1.8 మీటర్లు వదలాలి. నీటి వనరు దగ్గర్లో నేను పిట్ కన్నా దీన్నే ఇష్టపడతాను. నీళ్లు పైపొరలో పరుచుకుంటాయి, ఎండకు కొంత ఆరుతాయి, క్రిములు చచ్చే అవకాశం ఎక్కువ. మీద అరటి, మెట్టతామర వేస్తే ఆ నీళ్లు కొన్ని అవీ తాగుతాయి. ఆకుకూరలు మాత్రం వేయొద్దు.

మట్టి పరీక్ష ఫెయిలైతే ట్యాంకు పక్కనే మరో గది కట్టి, కంకర నింపి, నీళ్లు అడుగు నుంచి పైకి ఎక్కి బయటికొచ్చేట్టు చేస్తారు. దాన్ని అప్‌ఫ్లో ఫిల్టర్ అంటారు. దాన్నుంచి వచ్చే నీళ్లు నల్లరేగడిలో చెట్లకు పెట్టుకోవచ్చు. తాగునీటి చెరువుకు వెళ్లే కాలువలోకి మాత్రం వదలొద్దు. వడకట్టినంత మాత్రాన అవి తాగేనీళ్లు కావు. అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ ఉంటే దానికి కలపండి, ఈ బాధలేవీ ఉండవు.

6. ప్లాను, అనుమతి

సైట్ ప్లానులో ట్యాంకు, పిట్, బోరు, పక్కవాళ్ల బోరు, ఎఫ్‌టీఎల్ గీత అన్నీ గుర్తించి, మధ్య దూరాలు మీటర్లలో రాయించండి. 'కుడా' లాంటి సంస్థ కిందికి రాని పంచాయతీలో అయితే 2002 నాటి గ్రామ పంచాయతీ లేఅవుట్, భవన నియమాలు వర్తిస్తాయి, అర్జీ పంచాయతీకే. డ్రాఫ్ట్స్‌మన్ పాత ప్లాను నుంచి ట్యాంకు బొమ్మ కాపీ చేసి ఎక్కడో ఒకచోట అతికిస్తాడు. సంతకం పెట్టేముందు అది మీరు అనుకున్న చోటే ఉందో లేదో చూడండి. తర్వాత గొడవ వస్తే చూసేది ఆ కాగితాన్నే.

7. తీయించడం

రెండు మూడేళ్లకోసారి ట్యాంకు తీయించాలి, పొంగినా పొంగకపోయినా. పొంగేదాకా ఆగితే పిట్ పోయినట్టే. ఫినాయిలు, యాసిడ్ గుప్పించొద్దు, లోపల కుళ్లబెట్టే క్రిములు చస్తాయి.

మనిషిని లోపలికి దించొద్దు, ఎంత అనుభవం ఉన్నవాడైనా సరే. లోపల పేరుకున్న వాయువుకు ఒక్క పీల్పులో స్పృహ పోతుంది. కాపాడబోయి దిగిన రెండోవాడూ పోతాడు. రక్షణ సామగ్రి లేకుండా దింపడం, మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం కింద నేరం. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. సెప్టిక్ క్లీనింగ్ లారీకి 14420 హెల్ప్‌లైన్ ఉంది. లారీవాణ్ని ఎక్కడ పోస్తావని అడగండి. మున్సిపాలిటీ శుద్ధి కేంద్రం పేరు చెప్పకుండా "ఊరి బయట పోస్తాంలే" అంటే ఆ ఊరి బయట ఏ వంక ఉందో మీకు తెలుసు.

8. నీళ్ల పరీక్ష

ఇల్లు చేరకముందు ఒకసారి, తర్వాత ఏటా వానాకాలం అయ్యాక మీ బోరు నీళ్లు గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో ఇవ్వండి. ముఖ్యంగా రెండు చూడమనండి, ఇ.కోలి (మలంలో ఉండే క్రిమి), నైట్రేట్. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్లలో ఇ.కోలి ఒక్కటి కూడా కనపడకూడదు. నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. మొదటి పరీక్ష కాగితం దాచుకోండి. తర్వాత నైట్రేట్ పెరిగితే అది నేల గుణమా, ట్యాంకు కారడమా అన్నది దాన్ని పక్కన పెట్టుకునే తేల్చాలి. పొలాల్లో యూరియా వల్ల కూడా నైట్రేట్ పెరుగుతుంది. ఇ.కోలి కూడా కలిసి కనపడితే మాత్రం అనుమానం ట్యాంకు మీదే పెట్టుకోవాలి.

అలా కనపడితే ఆ నీళ్లు తాగడం, వంటకు వాడడం ఆపేయండి. ట్యాంకు తీయించి, కడిగించి, నాలుగో మెట్టులోని గీత పరీక్ష మళ్లీ చేయండి. కాచితే క్రిములు చస్తాయి, నైట్రేట్ పోదు. నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది కూడా. పోత పాలు తాగే చంటిబిడ్డ ఉన్న ఇంట్లో దీంతో అసలు ఆటలొద్దు, ఆ నీళ్లలో పాలపొడి కలిపితే బిడ్డ రక్తం ఆక్సిజన్ మోసే శక్తి తగ్గి ఒళ్లు నీలంగా మారొచ్చు. ట్యాంకు బాగుచేయించి, మళ్లీ పరీక్షలో అంకె దిగేదాకా బిడ్డకు నీళ్లు బయటినుంచి తెప్పించండి. పక్కింటివాళ్లకు కూడా సంగతి చెప్పండి, వాళ్ల బోరుదీ ఆ నీరే కావచ్చు.